మూడవవాని ఊపిరి

బారులోనికి పోవువాడు అచ్చట పొగ యుండునని యెరిగియే పోవుననియు, అది గిట్టనివాడు వేరొకచోటు చూచుకొనిన సరిపోవుననియు, ఇందు ప్రభుత్వము జోక్యము చేసికొనుట మనుష్యుని స్వేచ్ఛను హరించుటయే యనియు మన విద్యావంతులలో ననేకులు దృఢముగా నమ్మియున్నారు. సిగరెట్టు ముట్టనివారు సైతము ఈ మాటను ఔదార్యముగా నెంచి తలయూపుచుందురు. వినుటకింపైన యీ వాదమున నొక ఘోరమైన లోపము కలదు. పొగ త్రాగువానిని, త్రాగనివానిని, అనగా డబ్బిచ్చి కూర్చుండు నిద్దరిని మాత్రమే యిది లెక్కించి, నిలువబడి పనిచేయు మూడవవానిని పూర్తిగా విస్మరించినది.

ఆ మూడవవానిని నేను హైదరాబాదులో నొక బారున చూచితిని. తలుపులు మూసి ఏసీ నడుపుచున్న హాలులో దీపముల చుట్టును పొగ తెరలు తెరలుగా నిలిచియుండగా, ఇరువదియేండ్లు నిండని యొక కుర్రవాడు బల్లబల్లకును పోయి యాష్‌ట్రేలను బకెట్టులో కుమ్మరించి, తడిగుడ్డతో తుడిచి, మరల యథాస్థానమున నుంచుచుండెను. ప్లేట్లు మోయునపుడు రెండు చేతులకును తెరపి లేకపోవుటచే, దగ్గు వచ్చినపుడెల్ల మొగమును భుజమునకు త్రిప్పుకొని దగ్గుచుండెను. బీడీ గాని సిగరెట్టు గాని తానెన్నడును కాల్చలేదని నేనడుగగా చెప్పెను. మనము గంటసేపు కూర్చుండి లేచిపోవుదుము. అతడు మధ్యాహ్నము మొదలు అర్ధరాత్రివరకు ఆ గాలినే పీల్చును.

అతడు పని మానుకొనవచ్చును గదా యని కొందరందురు. ఇంటికి పంపవలసిన జీతముపై కుటుంబము నిలిచియున్నవానికి ఆ స్వేచ్ఛ లేదు. ఉన్నదనుకొన్నను, ఈ న్యాయమున గనులకు భద్రతా చట్టమే యక్కరలేదు. బొగ్గుధూళి గిట్టనివాడు గని దిగకుండిన చాలును!

కాలిఫోర్నియా రాష్ట్రము 1998 జనవరి 1 నుండి బారులలో పొగను నిషేధించినపుడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో 53 మంది బార్టెండర్లను నిషేధమునకు ముందును పిమ్మటను పరీక్షించిరి. ముందు 39 మందికి దగ్గు, ఆయాసము వంటి శ్వాసబాధలుండగా, కొలది వారములలోనే వారిలో 23 మందికి అవి తొలగిపోయెను. వారు నిలిచినది ఆ కౌంటరు వెనుకనే, మారినది గాలి.

ప్రజాభిప్రాయము నిషేధమునకు ప్రతికూలమను మాటయు నిలువదు. 2004 మార్చి 29న ఐర్లండు, పబ్బులతో సహా పనిచోట్లన్నిటను పొగను మాన్పించిన తొలి దేశమైనది. వ్యాపారము మట్టిగలియునని పబ్బు యజమానులు గగ్గోలు పెట్టిరి. పనివారి రక్షణకే యీ చట్టమని ప్రభుత్వము పట్టువిడువలేదు. పిమ్మట నేమైనది? బారులలో సంపూర్ణ నిషేధమును సమర్థించు ధూమపాయులే ఏడాదిలో నూటికి 13 నుండి 46 మందికి పెరిగిరి. అభిప్రాయము చట్టమునకు ముందే పండియుండవలెనని కోరువారు ఈ యనుభవమును చూడలేదు.

మన దేశపు 2003 పొగాకు చట్టము ముప్పదిమంది కూర్చుండగల రెస్టారెంటులకు ప్రత్యేకమైన పొగగదిని అనుమతించినది. ఆ గదిలో ఏ సేవయు చేయరాదని 2017లో నియమము వచ్చినను, తలుపు తెరచినపుడెల్ల పొగ వెలికి వచ్చుచునేయుండును. రాత్రి దానిని ఊడ్చువాడును అట్టి కుర్రవాడే. ఈ మినహాయింపును పార్లమెంటు కొట్టివేయవలెను. నేను చూచిన బారులో నట్టి గదియు లేదు. ఆ బల్లలమీది యాష్‌ట్రేలను తీయించుటకైతే క్రొత్త శాసనముతో పనిలేదు; బహిరంగస్థలమున వానిని ఉంచరాదని ఆ చట్టము క్రింది 2008 నియమములే చెప్పుచున్నవి.