చిన్న వాక్యము

ఆంగ్లవ్యాకరణమున వాక్యభేదము లెన్ని యని యడిగిన మన విద్యార్థులు సామాన్య, సంయుక్త, సంశ్లిష్టములని తడబడక యేకరువు పెట్టుదురు. నేడు బడికెట్లు వచ్చితివో యాంగ్లమున చెప్పుమనిన మాత్రము నేలచూపులు చూతురు. ఇది బుద్ధిమాంద్యము గాదు. వాక్యమును మన మల్లు తీరు వేఱు, ఆంగ్లేయు లల్లు తీరు వేఱు. ఆ భేదమును బాలునకు మొదటనే తెలుపకుండుట లోపమని మా యభిప్రాయము.

"ఇంటినుండి బయలుదేరి, కాలువగట్టున నడిచి, పడవపై గోదావరి దాటి, బడికి వచ్చితిని" అని కోనసీమ బాలుడు చెప్పును. ఇందు సమాపకక్రియ యొక్కటే, తక్కినవి అసమాపకములు. ఎంత పొడవైనను మన చెవికి తొట్రుపాటు లేదు. దీనినే యాంగ్లమున బెట్టబోయి బాలుడు 'హావింగ్ స్టార్టెడ్, హావింగ్ వాక్డ్, హావింగ్ క్రాస్డ్' అని పేర్చి పేర్చి నడియేట నిలిచిపోవును. దానిని నాలుగుగా త్రుంచి, ప్రతి ముక్కకును కర్తను, క్రియను ఒసగిన జాలును. 'ఐ లెఫ్ట్ హోమ్. ఐ వాక్డ్ బై ది కెనాల్. ఐ క్రాస్డ్ ది రివర్. ఐ కేమ్ టు స్కూల్.' వినుట కింపుగా నుండకపోవచ్చును గాని తప్పు లేదు. 'నేను' అని నాలుగుమారులు చెప్పుట తెలుగువానికి వింత. ఆంగ్లమున నది విధి.

మఱి విభక్తుల సంగతి. "పిల్లి యెలుకను పట్టెను" అన్నను, "ఎలుకను పిల్లి పట్టెను" అన్నను ఆపద యెలుకకే. ద్వితీయావిభక్తి దానిని విడువదు. ఆంగ్లనామములకట్టి ప్రత్యయము లేదు. స్థానమే వానికి విభక్తి. 'ది క్యాట్ కాట్ ది ర్యాట్' అనుటలో రెండు నామములను తాఱుమాఱు చేసిన నెలుకయే పిల్లిని పట్టును! ఈ వినోద మొక్కసారి చూపిన తరగతి నవ్వును, నవ్వినది మఱవదు.

"మా తండ్రి రైతు" అనునది మనకు క్రియ లేకయే పూర్ణవాక్యము. కావుననే 'మై ఫాదర్ ఫార్మర్' అని వ్రాయుదురు. అది యజాగ్రత్త గాదు, మాతృభాషావ్యాకరణమును పాటించుటయే. నడుమ 'ఈజ్' అనియు 'ఎ' అనియు నేల వలయునో తెలుగుతో పోల్చి చెప్పిన బాలునకు వెంటనే బోధపడును. కొన్నిచోట్ల ఆంగ్లపు తరగతిలో తెలుగుమాట పలికిన దండన విధింతురట. సి.పి. బ్రౌను దొర 1840లోను, మచిలీపట్టణమున మిషనరీగా నుండిన ఎ.హెచ్. ఆర్డెన్ దొర 1873లోను తెలుగు వ్యాకరణములను ప్రకటించిరి. ఆ రెండును ఆంగ్లమున వ్రాయబడినవే. తెలుగు నేర్చు దొరలకు వారి భాషలో బోధింపవచ్చును గాని, ఆంగ్లము నేర్చు మన బిడ్డలకు మన భాషలో బోధింపరాదా?

తల్లిదండ్రులకొక విన్నపము. కంఠస్థము చేసిన యాంగ్లవ్యాసమును చుట్టముల యెదుట నప్పగింపజేయుటకంటె, కంటికి కనబడినదానిపై దినమునకైదు చిన్న వాక్యములు వ్రాయింపుడు. తమకాంగ్లము రాకున్నను చింతలేదు. కర్త యేది, క్రియ యేదియని తెలుగుననే యడుగవచ్చును. అరుగుపై ప్రతిదినము కొబ్బరిపీచుతో తాడు పేను అవ్వను చూచి 'షి ట్విస్ట్స్ కాయర్' అని మూడు మాటలు సొంతముగా వ్రాసిన బాలికకు మేము పూర్ణాంకములిత్తుము. క్రియతుదనున్న 'స్' విడిచెనా, అర మార్కు తగ్గింతుము.