ఈ బ్యాంకులో వడ్డీ లేదు

మా వృత్తిలో డిపాజిట్ అనగానే వడ్డీ ఎంత అన్నదే మొదటి ప్రశ్న. వడ్డీ ఆశించకుండా, ఇచ్చింది తిరిగి అడగకుండా జమచేసే బ్యాంకులు కూడా మన ఊళ్ళో ఉన్నాయి. తమిళంలో వాటిని 'తాయ్‌పాల్ వంగి' అంటారు. అంటే తల్లిపాల బ్యాంకు. ఎగ్మూరులోని ప్రభుత్వ పిల్లల ఆసుపత్రిలో ఒకటి ఉంది. ఆసియాలో ఇటువంటి మొదటి బ్యాంకును 1989లో ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ ప్రారంభించారు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 'ధాత్రి' పేరుతో 2017లో వచ్చింది.

ఇవి ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టిన పసికందుల కోసం. కిలో, కిలోంబావు బరువుతో పుట్టిన బిడ్డకు ఊపిరితిత్తులే కాదు, పేగులు కూడా పచ్చిగానే ఉంటాయి. ఆ లేత పేగు గోడ వాచి, కొంత భాగం కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. వైద్యులు దీన్ని 'నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్' అంటారు. పొట్ట ఉబ్బుతుంది, విరేచనంలో రక్తం కనబడుతుంది. ముదిరితే ఆపరేషన్ చేయాలి. ఒక్కోసారి ప్రాణానికే ముప్పు.

1990లో లూకాస్, కోల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లండులో 926 మంది నెలతక్కువ పిల్లలను పరిశీలించి, 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. కేవలం డబ్బాపాలు తాగిన పిల్లల్లో ఈ జబ్బు, కేవలం తల్లిపాలు తాగినవారిలో కంటే 6 నుంచి 10 రెట్లు ఎక్కువగా కనబడింది. తల్లిపాలలోని రక్షక పదార్థాలు పేగు గోడకు కాపలా కాస్తాయి. తల్లిపాలు తాగితే జబ్బు రానే రాదని కాదు, వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది.

ఇంట్లో పెద్దల మాటకు ఇక్కడే విలువ. బిడ్డ అద్దాల పెట్టెలో, తల్లి వేరే వార్డులో. మొదటి ఒకటి రెండు రోజులు పిండితే చెంచాడు కూడా రావు. "పాలు పడలేదమ్మా, డబ్బా తెప్పించండి" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాటతో తల్లి ధైర్యం సగం జారిపోతుంది. నిజానికి ఆ కాస్త ముర్రుపాలే బిడ్డకు మొదటి మందు. ఒక్క చుక్క పారబోయకూడదు. కాన్పయిన కొద్ది గంటల్లోనే మొదలుపెట్టి, రాత్రితో సహా రోజుకు 8 సార్లకు తగ్గకుండా పిండుతూ ఉంటే పాలు పెరుగుతాయి. బిడ్డ చప్పరించలేకపోయినా నర్సులు ట్యూబు ద్వారా కొద్దికొద్దిగా పడతారు. వైద్యులు సరేనన్నాక బిడ్డను తల్లి గుండెకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతి కూడా పాలు పెరగడానికి మంచిది.

తల్లికి వేళకు అన్నం పంపడం, పెద్దబిడ్డను చూసుకోవడం, పిండిన పాలను చల్లగా ఆసుపత్రికి చేర్చడం ఇంటివారి వంతు. తేనె నాకించడం, గాడిదపాలు, వసకొమ్ము ఇలాంటి బిడ్డకు బొత్తిగా కూడవు.

ఎంత ప్రయత్నించినా తల్లిపాలు చాలనప్పుడు బ్యాంకు ఆదుకుంటుంది. దాతకు హెచ్ఐవి, హెపటైటిస్-బి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. పాలను 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేసి, గడ్డకట్టించి దాస్తారు. ఆ వేడికి రక్షణశక్తి కొంత తగ్గుతుంది. అందుకే మొదటి స్థానం ఎప్పుడూ కన్నతల్లి పాలదే.

మనదేశంలో తల్లిపాలు అమ్మడానికి అనుమతి లేదు. 2024లో మన మాధవరంలోనే సీసాల్లో నింపి అమ్ముతున్న దుకాణానికి అధికారులు సీలు వేశారు. పరీక్ష లేని పాలు ఎవరిచ్చినా నెలతక్కువ బిడ్డకు పట్టవద్దు.

రక్తదానానికి మనవాళ్ళు వెనుకాడరు. ఇంట్లో బాలింతరాలు ఉండి, బిడ్డ తాగగా పాలు మిగులుతుంటే ఆసుపత్రిలో ఒక్కసారి విచారించండి. ఈ ఖాతా తెరవడానికి పరిచయ సంతకం అక్కరలేదు. ఆరోగ్య వివరాలు చెప్పి, రక్తపరీక్షకు ఒప్పుకుంటే చాలు.