ఎదురెక్కే పరకలకు దారి వదులుదాం

మత్స్య సహకార సంఘాల సభ్యులకు, పంచాయతీ పెద్దలకు, చెరువు కింద సాగుచేసే రైతులకు, పిల్లలకు వండిపెట్టే తల్లులకు విజ్ఞప్తి.

తొలకరి వరద చెరువులోకి దిగగానే పరకలు ఎదురెక్కుతాయి. వేలెడంత చేప ఉరికే నీటిని చీల్చుకుంటూ వాగులోకి, వాగులోంచి పిల్లకాలువల్లోకి, అక్కడినుంచి వరి మళ్లలోకి పోతుంది. సరిగ్గా అప్పుడే మనం కాలువ మూతికి దోమతెర వల కడుతున్నాం. కడుపునిండా గుడ్లున్న చేపను గుడ్లు పెట్టకముందే బుట్టలో పోసుకుంటున్నాం. ఈ ఒక్క పని కొన్నాళ్లు ఆపండని అడగడానికే ఈ కరపత్రం.

పరక లోతు నీటిలో ఈనదు. దాని గుడ్లకు జిగురుంటుంది. నీట మునిగిన గడ్డికో, తుంగకో, నాచుకో అంటుకుంటేనే అవి నిలుస్తాయి. కొత్త నీరు తడిపిన శికం భూమి, మోకాలి లోతైనా లేని చెరువు అంచు దానికి పురిటిల్లు. అక్కడ నీరు తొందరగా వేడెక్కుతుంది, పిల్ల నోటికి అందే సూక్ష్మజీవులు పుడతాయి, పెద్ద చేప అంత పలుచని నీటిలోకి రాలేదు. కొర్రమీనులా పిల్లలకు కాపలా కాసే అలవాటు పరకకు లేదు, గుడ్లు వెదజల్లి వెళ్లిపోతుంది. ఒకటి రెండు రోజుల్లోనే అవి పొదుగుతాయి. పిల్ల ఏడాది తిరక్కముందే తానూ గుడ్లకు వస్తుంది. దాని ఆయుష్షు చిన్నది, అందుకే అంత తొందర. రోహు ఒక వానాకాలం తప్పిపోయినా మరో వానాకాలం చూస్తుంది. పరకకు వరసగా రెండు వానాకాలాలు చెడితే ఆ చెరువులో దాని సంతతి నిలవడం కష్టం.

కోస్తాలో పరిగెలంటారు, మన తెలంగాణలో పరకలంటాం. అన్నిటినీ ఒకే పేరుతో పిలిచినా అందులో చాలా జాతులున్నాయి. తోక మొదట్లో నల్లచుక్క ఉన్నది ఒకటి. పొడవాటి మీసాలది ఇంకొకటి. ఒంటి పక్కన నల్లచార ఉన్నది మరొకటి. వెండిలా మెరిసే సన్నపొలుసుల మోలా ఇంకొకటి. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద అచ్చువేసిన గ్రంథంలోనే ఈ నాలుగూ శాస్త్రానికెక్కాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా చేపల పెంపకం పాఠాలు వీటిని కలుపు చేపల పద్దులోనే రాస్తున్నాయి. ఇప్పచెక్క, బ్లీచింగ్ పౌడర్ వేసి ముందు వీటిని చంపాలని, ఆ తర్వాతే పెద్ద చేపల పిల్లలు వదలాలని చెబుతున్నాయి. నూకంత పిల్లలను సాకే నర్సరీ కుంటలో ఆ జాగ్రత్త అవసరమే, కాదనం. ఊరుమ్మడి చెరువుకు అదే నియమం పెట్టడం మాత్రం తప్పు.

బొచ్చె, రోహు, మ్రిగాల వంటి కార్పు చేపలు నిలిచిన చెరువు నీటిలో గుడ్లు పెట్టవు. 1957లో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, ఆలికున్హి హార్మోన్ సూదితో వాటిని ఈనించే దారి చూపాకే హేచరీలు పెరిగాయి. ఆ విజయానికి గుర్తుగానే జులై 10న జాతీయ మత్స్య రైతుల దినం జరుపుకుంటున్నాం. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను ఇస్తోంది. అది మంచి పనే, సాగాలి. కానీ ఆ చేప కోసం ఏటా లారీ రావాలి, పరక కోసం ఏ లారీ రానక్కర్లేదు. దారి వదిలితే చాలు, దాని విత్తనం అదే వేసుకుంటుంది.

పెద్ద చేప మేత పరక తినేస్తుందని సంఘాల్లో చాలామందికి భయం. బంగ్లాదేశ్‌లో కార్పులతో కలిపి మోలాను పెంచి చూశారు. కార్పుల దిగుబడి తగ్గలేదు, ఇంటి కూరకు మోలా అదనంగా దొరికింది. నూరు గ్రాముల మోలాలో దాదాపు 2,500 మైక్రోగ్రాముల విటమిన్ ఎ ఉంటుంది. పెంపకపు పెద్ద చేపల్లో అందులో నూరో వంతు దొరకడమే గొప్ప. ఆ విటమిన్ ఎక్కువగా కళ్లలో, కడుపు భాగంలో ఉంటుంది. పరకను తలతో, ముల్లుతో సహా తింటాం కాబట్టి అదీ, ఎముకలోని కాల్షియమూ రెండూ పిల్లల ఒంటికి పడతాయి. పెద్ద చేపలో తల ఒకరికి, ముక్క ఒకరికి పోతుంది, ముల్లు పారేస్తాం. పులుసు గిన్నెలోని పరకలు మాత్రం ఇంట్లో అందరికీ వస్తాయి, ఆఖరున తినే ఇల్లాలికి కూడా. ఈ చిన్నచేపల మీద చేసిన కృషికే పోషకాహార శాస్త్రవేత్త శకుంతల థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. ఒడిశాలో పంచాయతీ చెరువులను మహిళా సంఘాలకు అప్పగించి కార్పులతోపాటు మోలాను పెంచుతున్నారు. మనకేం అడ్డం?

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. సంతలో దాని ధర అందరికీ తెలుసు. అది వేటాడి బతికే చేప, చెరువులో పరక ఉంటేనే దానికి తిండి. పరకతో మరో మేలూ ఉంది. దోమలను అరికట్టడానికని బయటినుంచి గంబూసియా అనే చేపను తెచ్చి నీళ్లలో వదులుతున్నారు. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి వచ్చిన ఆ చేప మన చేపల గుడ్లను, పిల్లలను తినేస్తుంది. మీసాల పరక, చారల పరక దోమ లార్వాలను తింటాయి. ఆ పని మన నీటిలో పుట్టినవాటికే అప్పగించవచ్చు.

మిరుగు నాడు చేప తినే ఆచారం మానమని మేం అనడం లేదు. ఆ రోజు చెరువు నడుమ పెద్ద కన్ను వల వేసి పెద్ద చేపను పట్టండి. కాలువ మూతిని, అలుగును వదిలేయండి. వేసవిలో ఇంకిపోతున్న మడుగుల్లో పురుగుమందు కలిపి చేపలు పట్టేవారికి కూడా ఒక మాట. నీటిలో విషం కలపడం, మందుగుండు పేల్చడం 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరమంది. ఆ చేపను తినేది మన పిల్లలే.

మే నెలలో, కొత్త నీరు రాకముందే, ప్రతి సంఘమూ గ్రామసభతో కలిసి తీర్మానం చేయాలి. చెరువులోకి కొత్త నీరు దిగిన రోజునుంచి ఇరవై రోజులు వాగులో, కాలువల్లో, అలుగు దగ్గర ఎవరూ వల గానీ బుట్ట గానీ పెట్టకూడదు. దోమతెర వల ఏ కాలంలోనూ చెరువులో దిగకూడదు. పూడిక తీసేటప్పుడు ఒక పక్క అంచును లోతు చేయకుండా తుంగతో, గడ్డితో అలాగే వదలాలి, దాని మీద కలుపుమందు కొట్టకూడదు. ఆ ఇరవై రోజులు కాలువ మీదే బతికే కుటుంబాలకు చెరువులో వేటకు సంఘం ముందు వంతు ఇవ్వాలి. తీర్మానాన్ని పంచాయతీ గోడ మీద, తూము దగ్గర రాయించండి. ఒక నకలు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.