పెరటి తుమ్మ – కిరాయి ట్రాక్టరు

దసరాకో, ఎండకాలం సెలవులకో ఊరికి పోయి వచ్చిన మనవారిని పలకరిస్తే అందరి నోటా ఒకే మాట: "పెరట్లో అడుగు పెట్టలేకపోయామండీ, అంతా సర్కారు తుమ్మే!" ఇక్కడ వర్లిలో బి.డి.డి. చాళ్ల చోట మేడలు లేచి, 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళంచెవులు అందాయి. అక్కడ పాలమూరులోనో, నల్లగొండలోనో తాతల నాటి గుమ్మానికి దారి మూసుకుపోతున్నది.

ఇది మన పెద్దలెరిగిన నల్లతుమ్మ కాదు. 1877 ప్రాంతంలో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించినది. వంటచెరకుకు, బొగ్గుకు మంచిదే, కాదనము. కాని దాని కాయలు తిన్న మేకలూ పశువులూ పేడతోపాటు విత్తును ఊరంతా చల్లుతాయి. మనిషి మసలని పెరడు దానికి మాగాణి.

"డబ్బు పంపాము, ట్రాక్టరు పెట్టి సాపు చేయించారు, ఏడాది తిరిగేసరికి రెండింతలైంది" అని వాపోయేవారున్నారు. కాదా మరి! పైపైన గీకితే ఒక కొమ్మ పోయిన చోట నాలుగు లేస్తాయి. చిగురు వచ్చేది మట్టిలో దాగిన మొదలు నుంచి. వానలకు నేల మెత్తబడ్డాక చుట్టూ తవ్వి, పక్క వేళ్లు గొడ్డలితో కొట్టి, మొదలుకు ఇనుప గొలుసు చుట్టి, వేరుతో సహా లాగించాలి. ముదిరిన మానులైతే జేసీబీకే వదిలిపెట్టండి. ట్రాక్టరుతో పంతం వద్దు.

ఎందుకంటే ప్రాణభయం అక్కడే ఉన్నది. గొలుసును ట్రాలీ తగిలించే కింది కొక్కేనికే వేయాలి. వెనుక ఇరుసుకు పైన ఎక్కడ కట్టినా, వేరు కదలనప్పుడు ముందు చక్రాలు గాలిలోకి లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. డ్రైవరుకు దూకే వ్యవధి కూడా ఉండదు. కుదుపు లేకుండా, చిన్న గేరులో, నెమ్మదిగా లాగాలి. నైలాను తాడు పనికిరాదు. సాగి తెగితే కొరడాలా వచ్చి కొడుతుంది. వేడుక చూసే పిల్లలను వీధిలోకి పంపించండి.

మరొకటి. పొదల కింద పాత చేదబావి ఉండవచ్చు. అది ఎక్కడున్నదో ఇంటి పెద్దలకే తెలుసు, ఊళ్లో కుదిరిన కుర్ర డ్రైవరుకు తెలియదు. కనుక ఫోనులో పురమాయించి ఊరుకోక, తెలిసినవారొకరు ముందు నడిచి చూపాలి. నిలుపుకోవలసిన వేపకూ దానిమ్మకూ ఎర్రగుడ్డ కట్టాలి.

ట్రాక్టరు పని ఒక పూట. నేలలో మిగిలిన విత్తు మాత్రం వాన పడ్డప్పుడల్లా కొన్నేళ్లు మొలుస్తూనే ఉంటుంది. వేలెడు మొక్కగా ఉన్నప్పుడు చేతితో పీకితే వస్తుంది. అందుకని కిరాయి డబ్బులో కొంత మిగిల్చి, పక్కింటి వారికో, పాలివారికో ఆ పని ఒప్పజెప్పి రావడం మేలు.

వచ్చే సెలవులకు పోయేవారు గొలుసు సంగతి ముందే మాట్లాడుకోండి. కొందరు డ్రైవర్లు తాడు మాత్రమే తెస్తారు.