పదవుల పందేరాన్ని మరిచారేం?



బ్రిటన్‌లో ప్రధాని దూకుడుకు కోర్టులే కళ్లెం వేస్తాయని గత సంచిక వ్యాసం తేల్చేసింది. పార్లమెంటు ప్రొరోగేషన్ (సమావేశాల నిలిపివేత) చెల్లదని 2019 సెప్టెంబరు 24న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 11 మందీ ఏకగ్రీవంగా చెప్పిన మాట నిజమే. అది సగం కథ.

అదే నెల మొదట్లో ప్రధాని బోరిస్ జాన్సన్ తనకు ఎదురు ఓటేసిన 21 మంది సొంత ఎంపీలను పార్లమెంటరీ పక్షం నుంచి గెంటేశారు. వారిలో చర్చిల్ మనవడు నికొలస్ సోమ్స్, మాజీ ఆర్థిక మంత్రులు కెన్ క్లార్క్, ఫిలిప్ హామండ్ ఉన్నారు. అక్కడ మన రాజ్యాంగంలోని పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధం) లాంటిది లేదు కాబట్టి సీట్లు నిలిచాయి. డిసెంబరు ఎన్నికల్లో ఇండిపెండెంట్లుగా నిలబడ్డ డొమినిక్ గ్రీవ్, డేవిడ్ గాక్ మాత్రం ఓడిపోయారు.

ఇది దండం. దానం వేరే ఉంది. దిగువ సభ కామన్స్‌లో మంత్రులు 95 మందికి మించరాదని 1975 నాటి చట్టం చెబుతోంది. మంత్రులకు సహాయకులుగా ఉండే ఎంపీలు, అంటే జీతం లేని పార్లమెంటరీ ప్రైవేట్ సెక్రటరీలు మాత్రం ఆ లెక్కలోకి రారు! ప్రభుత్వానికి ఎదురు ఓటేస్తే వాళ్ల పదవికీ నీళ్లు వదులుకోవాల్సిందే. ఇక ఎగువ సభ సంగతి. నియామకాల కమిషన్ వద్దన్నా, పార్టీ మాజీ కోశాధికారి పీటర్ క్రడస్‌ను జాన్సన్ 2020లో లార్డ్స్‌కు నామినేట్ చేశారు. ఆ కమిషన్ మాట తోసిపుచ్చిన ప్రధాని అంతకుముందు లేరు.

చివరికి జాన్సన్‌ను దించిందీ కోర్టు కాదు. 2022 జులై 5న కేబినెట్ మంత్రులు రిషి సునాక్, సాజిద్ జావిద్ రాజీనామా చేశారు; వాళ్ల వెనకే మంత్రులు బారులు తీరారు. రెండు రోజుల్లో ఆయన తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఆ ఇద్దరికీ తన కేబినెట్‌లో చోటిచ్చింది జాన్సనే.

– ఒక పాఠకుడు