తీరిక వేళ: చేతిలో బరువు, ఊపులో బరువు

టెన్నిస్ రాకెట్ ఏది కొనుక్కోవాలని మమ్మల్ని అడిగే సహోద్యోగుల సంఖ్య ఈ మధ్య బాగా పెరిగింది. పదవీ విరమణకు ఐదారేళ్ల దూరంలో ఉన్నవారు, రక్తపోటు మాత్రలు మొదలై వైద్యుని సలహాపై కోర్టుకు వచ్చినవారు, కాలేజీ రోజుల్లో ఆడి మానివేసి మరల పట్టినవారు వీరిలో ఎక్కువ. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కంటె ఈ శీర్షికలోనే ఒకసారి వివరంగా వ్రాయడం మేలని తోచింది.

మేము ప్రస్తుతం ఉంటున్నది వైశాలిలో. లిచ్ఛవుల నాటి వైశాలి కాదు సుమా. అది బీహారులో ఉన్నది. ఇది ఢిల్లీ సరిహద్దును ఆనుకొని ఘజియాబాద్ జిల్లాలో వెలసిన నివాస ప్రాంతం. 2011లో ఇక్కడికి మెట్రో వచ్చిన తరువాత ఢిల్లీ కార్యాలయాలలో పనిచేసే తెలుగు కుటుంబాలకు ఇది మరింత అనుకూలమైంది. మా బృందంలో ఎనిమిది మందిమి. ఆడేది సిమెంటు కోర్టుపై, ఉదయం ఆరు గంటలకు. అందరమూ మధ్యస్థాయి ఆటగాళ్లమే. అంటే బంతిని వరుసగా పదిసార్లు వల దాటించగలము. రెండవ సర్వీసు మాత్రం దేవుని మీద భారం వేసి వేస్తాము. బ్యాక్‌హ్యాండ్ వైపు వచ్చిన బంతిని చుట్టూ పరుగెత్తి ఫోర్‌హ్యాండ్‌తో కొట్టడానికి ప్రయత్నిస్తాము. ఈ వ్యాసం అటువంటి వారి కొరకే.

మా మిత్రులొకరు రెండేళ్ల క్రితం రాకెట్ మార్చారు. "వయసు మీద పడుతున్నది, తేలికైనది తీసుకోండి" అని దుకాణదారుడు సలహా చెప్పి, 270 గ్రాముల రాకెట్‌ను, పాలియెస్టర్ గట్టింగ్‌తో బిగించి ఇచ్చాడు. చేతిలోకి తీసుకుంటే విసనకర్రలా ఉన్నది. మూడు నెలలకు మిత్రుని మోచేయి బయటి వైపున నొప్పి ప్రారంభమైంది. ఆ తరువాత తలుపు గడియ తీయడం, టీ కప్పు ఎత్తడం కూడ కష్టమైంది. ఆరు నెలలు ఆట మానివేశారు. టెన్నిస్ ఎల్బో అని పిలిచే ఈ బాధకు మొదటి కారణం సాధారణంగా రాకెట్ కాదు, బంతిని ఆలస్యంగా, మణికట్టుతో కొట్టే బ్యాక్‌హ్యాండ్. మా మిత్రుని బ్యాక్‌హ్యాండ్ ఏమంత శాస్త్రీయమైనది కాదని ఆయనే ఒప్పుకుంటారు. అయితే అదే బ్యాక్‌హ్యాండ్‌తో పాత రాకెట్‌పై పదేళ్లు ఏ బాధా లేకుండా ఆడారు. కాబట్టి తేలిక అన్న మాటకు అర్థమేమిటో పరిశీలించవలసి వచ్చింది.

కొంత చరిత్ర చెప్పుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. కొయ్య రాకెట్ల కాలంలో ఈ సమస్య అంతగా లేదు. బరువు 370 నుండి 400 గ్రాముల దాకా, ముఖ వైశాల్యం 65 నుండి 70 చదరపు అంగుళాలు. ఏ కంపెనీదైనా ఇంచుమించు ఒకటే. మెకెన్రో 1981లో వింబుల్డన్ గెలిచింది కొయ్య రాకెట్‌తోనే. అంతకు ముందే, 1976లో, హోవర్డ్ హెడ్ అనే అమెరికా ఇంజనీరు 110 చదరపు అంగుళాల ముఖం గల అల్యూమినియం రాకెట్‌ను ప్రిన్స్ పేరిట బజారులోకి తెచ్చాడు. ఆయన విమానాల కర్మాగారంలో పనిచేసి, తరువాత లోహపు స్కీలు తయారుచేసిన వ్యక్తి. పెద్దతనంలో టెన్నిస్ నేర్చుకుంటూ, బంతి మధ్యలో తగలనప్పుడల్లా రాకెట్ చేతిలో తిరిగిపోతున్నదని గమనించి, వెడల్పు పెంచితే ఆ మెలిక తగ్గుతుందని లెక్క కట్టాడు. అంచులలో ఉన్న ద్రవ్యరాశి అక్షానికి ఎంత దూరమైతే మెలికకు ఎదురు నిలిచే శక్తి ఆ దూరపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కదా. మొదట చాలామంది నవ్వారు. ఆ తరువాత గ్రాఫైట్ వచ్చి, పెద్ద ముఖాన్ని తక్కువ బరువులో ఇవ్వగలిగింది. నేడు అధికులు వాడే 100 చదరపు అంగుళాల రాకెట్ ఆ రెండు మార్పుల సంతానమే.

బరువు తగ్గించే అవకాశం రాగానే దానిని ఎక్కడ తగ్గించాలన్న ప్రశ్న పుట్టింది. అసలు చిక్కు అక్కడ ఉన్నది. దుకాణంలో మనం రాకెట్‌ను పిడి పట్టుకొని ఎత్తి చూస్తాము. అప్పుడు చేతికి తెలిసేది బరువు, కొంతవరకు గరిమనాభి స్థానం. ఆటలో మనం ఎత్తము, తిప్పుతాము. తిప్పేటప్పుడు ఎదురు నిలిచేది జడత్వ భ్రామకం. దీనినే టెన్నిస్ పరిభాషలో స్వింగ్ వెయిట్ అంటారు. పిడి చివరి నుండి 10 సెంటీమీటర్ల దూరంలో ఒక అక్షాన్ని ఊహించుకొని, దాని చుట్టూ లెక్కిస్తారు. ఆ అక్షం దగ్గర, అంటే మన అరచేతిలో, 10 గ్రాములు చేర్చండి. స్వింగ్ వెయిట్ ఏమీ మారదు. రాకెట్ కొనకు 3 గ్రాముల సీసపు పట్టీ అంటించండి. అక్షం నుండి దూరం 58 సెంటీమీటర్లు, దాని వర్గం 3364, మూడుతో గుణిస్తే దాదాపు 10 వేల గ్రాము చదరపు సెంటీమీటర్లు, అనగా 10 కిలో చదరపు సెంటీమీటర్లు. సాధారణ రాకెట్ల స్వింగ్ వెయిట్ గట్టింగ్‌తో సహా 300 నుండి 330 వరకు ఉంటుంది గనుక 10 అంటే చేతికి స్పష్టంగా తెలిసే మార్పు. మూడు గ్రాములు చేసిన పనిని పది గ్రాములు చేయలేదు!

ఈ సంఖ్యను రాకెట్‌పై ముద్రించరు. కొలిచే యంత్రాలు ఉన్నవి గాని, అవసరం లేదు. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో చేసిన లోలకం ప్రయోగమే చాలును. పిడి చివరి నుండి 10 సెంటీమీటర్ల వద్ద సన్నని ఉక్కు చువ్వను అడ్డంగా, రాకెట్ ముఖతలానికి సమాంతరంగా బిగించి కట్టండి. చువ్వ రెండు కొనలను రెండు బల్లల అంచులపై ఆనించి, రాకెట్‌ను తలకిందులుగా వేలాడదీసి మెల్లగా ఊపండి. చువ్వ అక్షం మీదనే ఉన్నది గనుక దాని బరువును లెక్కలో చేర్చనక్కరలేదు. 30 పూర్తి డోలనాలకు పట్టిన కాలాన్ని స్టాప్‌వాచ్‌తో కొలిచి 30తో భాగించండి. పది డోలనాలే చాలుననుకోకండి. బొటనవేలు చేసే ఆలస్యం చిన్నదే అయినా, కాలాన్ని వర్గీకరిస్తాము గనుక పొరపాటు రెట్టింపవుతుంది. తరువాత రాకెట్‌ను స్కేలు అంచుపై అడ్డంగా నిలిపి గరిమనాభిని కనుగొని, పిడి చివరి నుండి దాని దూరంలో 10 తీసివేయండి. రాకెట్ బరువు కిలోలలో, ఈ దూరం సెంటీమీటర్లలో, ఆవర్తన కాలపు వర్గం; ఈ మూడింటిని గుణించి, 24.8తో హెచ్చవేస్తే స్వింగ్ వెయిట్ వస్తుంది. ఆ 24.8 మరేమీ కాదు, గురుత్వ త్వరణం 980ని పై వర్గానికి నాలుగు రెట్లతో భాగించగా వచ్చినది.

మిత్రుని రెండు రాకెట్లనూ ఈ విధంగా కొలిచాము. పాతది గట్టింగ్‌తో 317 గ్రాములు, గరిమనాభి 33 సెంటీమీటర్ల వద్ద, 30 డోలనాలకు 39.9 సెకండ్లు. స్వింగ్ వెయిట్ 320. కొత్తది 286 గ్రాములు, గరిమనాభి 34.5 వద్ద, 40.5 సెకండ్లు. స్వింగ్ వెయిట్ 317. బరువులో 31 గ్రాముల తేడా ఉన్నా ఊపులో తేడా ఒక శాతమే! తగ్గించిన బరువంతా పిడి వైపున తగ్గించినది. రాకెట్ తిప్పడానికి ఏమంత తేలిక కాలేదు. బంతి తాకినప్పుడు పిడి వద్ద అదురును అణచే ద్రవ్యరాశి మాత్రం పోయింది. బంతి గట్టింగ్‌పై నిలిచేది సుమారు 5 మిల్లీ సెకండ్లు. ఆ కొద్ది కాలంలో పుట్టిన కుదుపును పిడిలోని బరువు కొంత మింగాలి, మిగిలినది ముంజేతి కండరాలు మింగాలి. మొదటిది తగ్గితే రెండవదానికి పని పెరుగుతుంది.

దీనికి ఫ్రేమ్ బిగువు తోడవుతుంది. బిగువును సూచించే అంకె ఎక్కువైన కొద్దీ ఫ్రేమ్ తక్కువ వంగుతుంది. బంతికి వేగం తేలికగా వస్తుంది, అదురు కూడ చేతికి తేలికగానే వస్తుంది. నేడు ప్రసిద్ధమైన వాటిలో బాబొలా ప్యూర్ డ్రైవ్‌కు ఇది 70 చుట్టూ ఉంటుంది. 1998లో కార్లోస్ మోయా ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది ఆ పేరుగల రాకెట్‌తోనే. బలం కోరేవారికి దానిని మించినవి తక్కువ. 2019లో వచ్చిన విల్సన్ క్లాష్ 100కు బిగువు 55 దరిదాపు. రెండింటి ముఖమూ 100 చదరపు అంగుళాలే. గట్టింగ్ లేకుండా బరువు ఒకటి 300, మరొకటి 295 గ్రాములు. కాగితం మీద అన్నదమ్ముల వలె ఉన్న ఈ రెండూ చేతిలో ఒకదానికొకటి పోలికే ఉండవు.

గత శీతకాలంలో ఈ రెంటినీ, వాటితోబాటు 98 చదరపు అంగుళాలు, 305 గ్రాములు గల విల్సన్ బ్లేడ్‌ను తీసుకొని, మూడింటికీ ఒకే రకపు నైలాన్ గట్టింగ్ ఒకే బిగింపుతో వేయించి, పేర్లు కనిపించకుండా నల్లని టేపు చుట్టి, మా ఎనిమిది మందిమి నాలుగు వారాలు మార్చుకొని ఆడాము. (టేపు మూడింటికీ ఒకే పొడవు కత్తిరించాము. ఇంజనీర్లము కదా.) బ్లేడ్‌తో మంచి రోజున ఆట కన్నుల పండువగా ఉన్నది, కాళ్లు కదలని రోజున ప్రతి బంతీ ఫ్రేమ్‌కే తగిలింది. ప్యూర్ డ్రైవ్ సర్వీసుకు అందరూ మొగ్గినారు, కాని గంట దాటిన తరువాత బంతులు బేస్‌లైన్ అవతల పడుతున్నాయని ఐదుగురు చెప్పారు. క్లాష్‌ను చేతికి హాయిగా ఉన్నదన్నారు, బంతి ఎక్కడ తగిలిందో సరిగా తెలియడం లేదని కూడ అన్నారు. మోచేయి బాధపడిన మిత్రుడు దానినే ఎంచుకున్నారు. మేము ప్యూర్ డ్రైవ్ వైపు మొగ్గుతాము, గట్టింగ్ మెత్తనిదై ఉండాలన్న షరతుతో.

గట్టింగ్ సంగతి మరింత ముఖ్యం. 1997లో కుయెర్టెన్ పాలియెస్టర్ గట్టింగ్‌తో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన తరువాత అది లోకమంతా వ్యాపించింది. బంతిని అత్యంత వేగంగా తిప్పగల వారికి అది వరమే. మన వేగానికి దాని వలన వచ్చే స్పిన్ స్వల్పం, బిగువు మాత్రం పూర్తిగా చేతికి చేరుతుంది. పైగా తెగిపోదు గనుక మనం ఏడాది పొడవునా అదే ఉంచుతాము. దాని సాగుడు గుణం కొద్ది వారాలలోనే చచ్చిపోతుంది. మల్టీఫిలమెంట్ లేదా సాదా నైలాన్, 50 నుండి 54 పౌండ్ల బిగింపు మా వయసు వారికి చాలును. వైశాలిలో మే నెల ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. కారు డిక్కీలో వదిలిన రాకెట్ గట్టింగ్ వారంలో వదులవుతుంది. జనవరి పొగమంచులో బంతి మోకాలి ఎత్తుకు కూడ లేవక రాయిలా తగులుతుంది. అప్పుడు రెండు పౌండ్లు తగ్గించి వేయించడం మంచిది. విశాఖ మిత్రులకు ఈ బాధ లేదు గాని, అక్కడి ఉక్కకు గ్రిప్ జారుతుంది. జారుతున్న పిడిని మనకు తెలియకుండానే గట్టిగా నొక్కుతాము. ఆ నొక్కుడు నేరుగా మోచేతికే పోతుంది. పది రోజులకొకసారి పై చుట్టు మార్చడానికి అయ్యే ఖర్చు ఫిజియోథెరపీ ముందు ఏపాటిది?

ఛాంపియన్ల పేర్లు చూసి కొనే అలవాటు గురించి కూడ ఒక మాట. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలలో మన విశాఖ వాడు సాకేత్ మైనేని, హైదరాబాదు సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచినప్పుడు మా ఇంట్లోనూ పండుగే. కాని ఆ స్థాయి ఆటగాళ్లు సాధారణంగా తమ రాకెట్లకు సీసం చేర్పించి, పిడి చెక్కించి, తమ కొలతకు మలచుకుంటారు. ఫెదరర్ పేరిట 2014లో వచ్చిన 97 చదరపు అంగుళాల రాకెట్ గట్టింగ్ లేకుండానే 340 గ్రాములు. మా బృందంలో ఒకరు దానిని ముచ్చటపడి కొన్నారు. ప్రస్తుతం అది వారి డ్రాయింగు గదిలో గోడను అలంకరిస్తున్నది.

రాకెట్ కొనదలచినవారు ముందు తమ పాత రాకెట్‌ను కొలుచుకొని ఆ మూడు సంఖ్యలనూ ఒక కాగితంపై వ్రాసుకొని దుకాణానికి వెళ్లవలసిందిగా మనవి. ఢిల్లీ కార్యాలయపు మిత్రులు ఏ ఆదివారమైనా ఎనిమిది గంటల తరువాత వైశాలి రావచ్చు. ఉక్కు చువ్వ, వంటింటి త్రాసు మా వద్ద ఉన్నవి. స్టాప్‌వాచ్ మాత్రం మీ ఫోనులోనిదే వాడవలసి ఉంటుంది. మా దానిని మనుమడు విప్పి చూశాడు.