షెడ్డులో వైరింగుకు ఏ గొట్టం?

ఇల్లు కట్టేటప్పుడు గోడల రంగు గురించి ఇంటిల్లిపాదీ చర్చిస్తారు. స్కూటరో, కారో పెట్టే షెడ్డులో కరెంటు తీగలను ఏ గొట్టంలో వేయాలో మాత్రం ఎవరూ అడగరు. "షెడ్డే కదా, మిగిలిన నీళ్ళ పైపు ముక్క చాల్లే" అంటారు. ఇది ప్రమాదకరమైన పొదుపని నా అభిప్రాయం. ఎందుకో చూద్దాం.

షెడ్డు పడకగది వంటిది కాదు. అక్కడ బండి కడుగుతాం, నేల తడిసి వుంటుంది. హేండిలు గోడకు రాసుకుంటుంది. పలుగూ పారా, నిచ్చెనా చేరేది అక్కడే. ఈ రోజుల్లో ఎలక్ట్రిక్ స్కూటరు గంటల తరబడి చార్జి అయ్యేదీ అక్కడే. కాబట్టి తీగమీది తొడుగుకు పైన మరో కవచం కావాలి. అదే కాండ్యూట్ గొట్టం.

వీటిలో ముఖ్యమైనవి రెండు రకాలు. పి.వి.సి. గొట్టం తుప్పు పట్టదు, విద్యుత్తును ప్రసరించనీయదు. కాని గట్టి దెబ్బకు పగులుతుంది, ఏళ్ళ తరబడి ఎండ తగిలితే పెళుసెక్కుతుంది. ఉక్కు గొట్టం దెబ్బకు ఆగుతుంది. కాని అది విద్యుద్వాహకం. లోపలి తీగ తొడుగు చిరిగితే గొట్టం మొత్తం షాక్ కొడుతుంది! అందుకే దాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా తప్పక ఎర్త్ చేయాలి.

ఉక్కు గొట్టంతో మరో సంగతుంది. ఫేజు తీగను ఒక గొట్టంలో, న్యూట్రల్‌ను మరో గొట్టంలో వేస్తే ఏమవుతుంది? మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాల ఏకాంతర విద్యుత్తు. ఒంటరి తీగ చుట్టూ మారుతూ వుండే అయస్కాంత క్షేత్రం ఉక్కులో సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది. గొట్టం వేడెక్కుతుంది. రెండు తీగలూ ఒకే గొట్టంలో వుంటే, ప్రవాహాలు ఎదురెదురు దిశల్లో వుండి, క్షేత్రాలు దాదాపు రద్దవుతాయి. చూశారా, పాఠంలోని ఫారడే మీ షెడ్డు గోడమీద కూడా వున్నాడు!

మరి ఏది ఎంచుకోవాలి? ఎండా, దెబ్బా తగలని చోట మందమైన పి.వి.సి. కాండ్యూట్ చాలు. బండి తగిలే ఎత్తులో జింకు పూత వున్న, ఎర్త్ చేసిన ఉక్కు మేలు. ఏదైనా సరే, ఐ.ఎస్. 9537 ప్రమాణం, ఐ.ఎస్.ఐ. ముద్ర వుండాలి. నీళ్ళ పైపును పరీక్షించేది నీటి ఒత్తిడికి. కాండ్యూట్‌ను దెబ్బకూ, మంటకూ పరీక్షిస్తారు. తేడా అక్కడుంది.

"ముద్ర వున్న పైపు ఖరీదు కదా" అంటారు కొందరు. లోపలి రాగి తీగ ఖరీదు ముందు అదెంత? ఇంకొక మాట: గొట్టం ఒక్కటే ప్రాణం కాపాడదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కరెంటు ఆపేసే ఆర్.సి.సి.బి. కూడా వుండాలి.

వైరింగు పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే. మీరు చేతులు పెట్టవద్దు. కాని గొట్టంమీది ముద్ర చదవడానికీ, "ఎర్త్ చేశారా?" అని అడగడానికీ మీకు లైసెన్సు అక్కరలేదు. అడగండి!